పాట మారితే ఉలిక్కిపడాలా?

రాత్రి పదిన్నర. హెడ్‌ఫోన్స్‌లో ఘంటసాల పాట. మెల్లగా వినిపిస్తోందని శ్రోత వాల్యూమ్ కాస్త పెంచుతాడు. అది ముగిసి 2000ల నాటి సినిమా పాట ఒకటి అందుకోగానే చెవులు చిల్లులు పడతాయి. చేయి మళ్లీ వాల్యూమ్ మీటకేసి పరుగెడుతుంది. సీడీల నుంచి, క్యాసెట్ల నుంచి, స్నేహితుల పెన్‌డ్రైవ్‌ల నుంచి ఏళ్ల తరబడి పాటలు పోగుచేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు.

తప్పు పాత పాటది కాదు. డిజిటల్ రికార్డింగ్‌కు ఒక పైకప్పు ఉంటుంది. శబ్దం దాన్ని దాటి పైకి వెళ్లలేదు. అందుకే 1990ల నుంచి సంగీత కంపెనీలు మరో దారి పట్టాయి. కంప్రెసర్, లిమిటర్ అనే పరికరాలతో పాటలోని పెద్ద శబ్దాలను అణచి, మెల్లని చోట్లను పైకప్పు దాకా ఎత్తడం మొదలుపెట్టాయి. రెండు పాటలు వెంటవెంటనే వింటే, బిగ్గరగా ఉన్నదే బాగున్నట్లు చెవికి తోస్తుంది మరి. ఈ పోటీకి ‘లౌడ్‌నెస్ యుద్ధం’ అని పేరొచ్చింది. 2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ విడుదల చేసినప్పుడు అభిమానులే తిరగబడ్డారు. ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అవే పాటలు సీడీలో కన్నా శుభ్రంగా వినిపించడమే అందుకు కారణం.

ఇంటి లైబ్రరీలో ఈ హెచ్చుతగ్గులను సరిచేయడమెలా? చాలామంది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘నార్మలైజ్’ మీట నొక్కేస్తారు. అది సాధారణంగా పాటలోని అత్యున్నత శిఖరాన్నే కొలుస్తుంది. పాట మొత్తంలో ఒక్క డప్పు దెబ్బ పైకప్పును తాకినా చాలు, మిగతాదంతా ఎంత మెల్లగా ఉన్నా అలాగే వదిలేస్తుంది. పైగా ఎంపీ3ని విప్పి, మళ్లీ ఎంపీ3గా భద్రపరచిన ప్రతిసారీ నాణ్యత కొంత తరిగిపోతుంది.

డేవిడ్ రాబిన్సన్ 2001లో ప్రతిపాదించిన ‘రీప్లేగెయిన్’ పద్ధతి ఇంతకన్నా తెలివైనది. చెవికి పాట ఎంత బిగ్గరగా తోస్తుందో అది లెక్కగడుతుంది. ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో ఒక అంకెగా ఫైల్ ట్యాగ్‌లో రాసి పెడుతుంది. వినిపించేటప్పుడు ప్లేయర్ ఆ అంకెను పాటిస్తుంది. పాట మాత్రం చెక్కుచెదరదు. ఫూబార్2000, వీఎల్‌సీ వంటి ప్లేయర్లు దీన్ని అర్థం చేసుకుంటాయి. ఐట్యూన్స్‌లోని ‘సౌండ్ చెక్’ కూడా ఈ కోవలోదే. ట్యాగ్ చదవలేని పాత ప్లేయర్లకు ఎంపీ3గెయిన్ ఉంది. అది ఫైల్‌లోనే స్థాయిని 1.5 డెసిబెల్స్ చొప్పున మారుస్తుంది. వద్దనుకుంటే వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రీప్లేగెయిన్‌లో ట్రాక్, ఆల్బమ్ అని రెండు రీతులున్నాయి. రకరకాల సినిమా పాటలను కలగలిపి వినేవారికి ట్రాక్ రీతి చాలు. కర్ణాటక సంగీత కచేరీకి మాత్రం అది పనికిరాదు. విడి ట్రాక్‌గా ఉన్న మెల్లని ఆలాపనను, తని ఆవర్తనంలోని మృదంగ ధ్వనితో సమానం చేసేస్తుంది. ఆల్బమ్ రీతి కచేరీ అంతటికీ ఒకే సవరణ చేస్తుంది కనుక విద్వాంసుడు ఉద్దేశించిన తేడాలు నిలుస్తాయి. సవరణ తర్వాత పాటలన్నీ కాస్త తగ్గినట్లు అనిపిస్తే కంగారు అక్కర్లేదు. పైకప్పు తగలకుండా కావాలనే కొంత ఖాళీ ఉంచుతారు. ఆ లోటును వాల్యూమ్ మీట తీరుస్తుంది.

ఇదే సూత్రం తర్వాత పెద్ద వేదికలకూ పాకింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో లౌడ్‌నెస్‌ను కొలిచే ప్రమాణం ప్రకటించింది. నేడు స్పాటిఫై మామూలుగా పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. అక్కడ అరిచే పాట గొంతు తగ్గుతుంది. దానికి మిగిలేది, హెచ్చుతగ్గులు చదునైపోయిన శబ్దమే.

ఇది సౌకర్యం ఒక్కదానికే సంబంధించిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. మెల్లని పాట కోసం పెంచిన వాల్యూమ్‌ను తర్వాతి పాటకు తగ్గించడం మరిచిపోయే శ్రోత, ఆ నాలుగు గంటలను తెలియకుండానే ఖర్చు చేసేస్తాడు. లైబ్రరీ మొత్తాన్ని ఒక్కసారి కొలిపించి పెట్టుకుంటే ఆ బెడద తప్పుతుంది. పని కంప్యూటర్‌దే. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే సరి.