ముసురు పట్టిన ఊళ్లో మన పిల్లలు



అమెరికా పశ్చిమ తీరాన, కెనడా సరిహద్దుకు దగ్గరలో సియాటిల్ నగరం ఉంది. అమెజాన్ సంస్థ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోను, మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం పక్కనే ఉన్న రెడ్‌మండ్‌లోను ఉండడం వలన వేలాది తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో స్థిరపడ్డాయి. మా ఆసుపత్రికి బి.పి., షుగరు చూపించుకోవడానికి వచ్చే పెద్దవారిలో "మా అమ్మాయి అక్కడే ఉందండీ" అని సంతోషంగా చెప్పేవారు చాలామంది. వారిలో కొందరు కాసేపాగి, గొంతు తగ్గించి, "ఈమధ్య ఫోనులో సరిగా మాట్లాడడం లేదు సిస్టర్. ఎప్పుడు చూసినా నిద్ర, నీరసం అంటుంది. అన్నీ ఉన్నాయి, ఏం తక్కువో మాకు తెలియడం లేదు" అంటారు. ఎప్పటినుంచి అని అడిగితే, "దీపావళి వెళ్లిన దగ్గర నుంచి" అని జవాబు వస్తుంది.

"ఏం తక్కువ" అన్న ఆ మాట గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మా జవాబు సూటిగా చెబుతాం. అక్కడ శీతాకాలంలో వెలుతురు తక్కువ. ఆ లోటును పిల్లల గుణంలోనో, భక్తిలోనో, కృతజ్ఞతలోనో వెతకడం మనం మానుకోవాలి.

సియాటిల్ అనగానే కుండపోత వానలని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 950 నుంచి 1,000 మిల్లీమీటర్లు. మన విశాఖపట్నంలో పడేది అంతకు తక్కువేమీ కాదు. తేడా ఎక్కడంటే, మన వాన వస్తుంది, దంచి కొడుతుంది, వెళ్లిపోతుంది. మర్నాడు ఎండ కాస్తుంది. అక్కడిది ముసురు. అక్టోబరులో పట్టిందంటే మార్చి దాకా సన్నటి తుంపర పడుతూనే ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రం మీదనుంచి తేమగాలి వచ్చి, తూర్పున ఉన్న కాస్కేడ్ పర్వతాలకు తగిలి పైకి లేచి మబ్బుగా నిలుస్తుంది. ఏడాదిలో 150 రోజుల వరకు వాన పడుతుంది, 200 రోజులకు పైగా ఆకాశం మూసుకునే ఉంటుంది. ఊరికి దగ్గరలో రెయినీర్ అనే 4,392 మీటర్ల మంచు కొండ ఉంది. అంత పెద్ద కొండ కూడా కనబడదు. మబ్బు విచ్చుకుని అది కనబడిన రోజున "ఇవాళ కొండ బయటికొచ్చింది" అని అక్కడివారు ఒకరికొకరు చెప్పుకుంటారు.

దీనికి తోడు పగలు చిన్నది. సియాటిల్ భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన, 47 డిగ్రీలు దాటి ఉంది. డిసెంబరు 21న అక్కడ ఉదయం దాదాపు 8 గంటలకు తెల్లవారి, సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకే పొద్దు గూకుతుంది. అంటే పగలు ఎనిమిదిన్నర గంటలు కూడా లేదు. అదే రోజు హైదరాబాదులో పగలు 11 గంటలు. ఆఫీసుకు వెళ్లేవారు చీకట్లో బయలుదేరి చీకట్లో ఇల్లు చేరతారు. ఇంటి పట్టున ఉండే ఇల్లాలికి మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లైటు వేసుకోవలసి వస్తుంది. మాలో కొందరం పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ ఒక శీతాకాలం గడిపి వచ్చినవాళ్లం. మొదటి వారం ఆ చల్లదనం, ఆ పచ్చదనం హాయిగానే ఉంటాయి. ఆరో వారానికి మాటామంతీ తగ్గిపోతుంది.

శరీరానికి వెలుతురుతో ఏం పని అని అడగవచ్చు. ఉదయపు వెలుతురు కంటిలోని రెటీనా మీద పడినప్పుడు మెదడులోని గడియారం సరిచేయబడుతుంది. ఎప్పుడు నిద్ర లేవాలి, ఎప్పుడు ఆకలి కావాలి, ఎప్పుడు చురుకుగా ఉండాలి అన్నది ఆ గడియారం చెబుతుంది. ఉదయం చీకటిగా ఉంటే అది వెనకబడుతుంది. శీతాకాలంలో వచ్చి వసంతంలో పోయే ఈ దిగులును అమెరికాలో నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటివారు 1984లో ఒక జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు. ఆయన ఎండ బాగా కాసే దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికా వెళ్లినవారు. నర్సులకు మాత్రం ఇది అంతకు ముందునుంచీ తెలిసిన సంగతే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువడిన తన నర్సింగు పుస్తకంలో రోగికి మంచి గాలి తర్వాత కావలసింది వెలుతురే అని గట్టిగా రాశారు.

ఈ దిగులు లక్షణాలు మామూలు దిగులుకు కాస్త భిన్నంగా ఉంటాయి. నిద్ర పట్టకపోవడం కాదు, ఎంత పడుకున్నా చాలదు. ఆకలి చచ్చిపోవడం కాదు, అన్నం, తీపి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది, ఒళ్లు పెరుగుతుంది. నలుగురిలోకి వెళ్లబుద్ధి కాదు. ఇష్టమైన పని కూడా బరువుగా తోస్తుంది. మగవారికన్నా ఆడవారిలో, అందులోను వయసులో ఉన్నవారిలో ఇది ఎక్కువ. వరుసగా రెండు శీతాకాలాలు ఇలాగే జరిగితే డాక్టర్లు దీన్ని తప్పక అనుమానిస్తారు. అందరికీ వస్తుందని మేము భయపెట్టడం లేదు. ఆ ముసురును ఇష్టపడి, ఆ ఊరు వదలనివారు ఎందరో ఉన్నారు. అయితే వచ్చినవారికి అది నిజమైన బాధ.

"మబ్బుకే ఇంత హడావుడా? అక్కడ పుట్టినవాళ్లు బతకడం లేదా?" అని మీరు అనవచ్చు. వారికీ ఈ బాధ ఉంది. వారు దానికి తగిన ఏర్పాట్లు చేసుకున్నారు. చాలామంది గొడుగు కూడా పట్టరు. టోపీ ఉన్న వానకోటు తొడుక్కుని తుంపరలోనే నడకకు వెళతారు, పిల్లలను ఆడిస్తారు. ఎండ వచ్చాక వెళదామని కూర్చోరు. మనవారికేమో "వానలో తడవకు, జలుబు చేస్తుంది" అని చిన్నప్పటినుంచి నేర్పాం. జలుబు వైరస్ వలన వస్తుంది, తుంపర వలన కాదు. మన ఊళ్లో ఆ మాట వలన ఒక పూట ఇంట్లో ఉంటాం. అక్కడ అదే మాట పాటిస్తే ఐదు నెలలు ఇంట్లో ఉండవలసిందే.

ఒక లెక్క చెబుతాం. వెలుతురును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. ఇంట్లో రాత్రి దీపాల కింద ఉండేది వంద నుంచి మూడు వందల లక్స్. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వెయ్యి నుంచి కొన్ని వేల లక్స్ ఉంటుంది. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు గాని మెదడుకు తెలుస్తుంది. కాబట్టి మబ్బు రోజున అరగంట నడక ఇంట్లో కిటికీలు వేసుకుని రోజంతా కూర్చోవడం కన్నా మేలు.

అది చాలనివారికి వెలుతురు పెట్టె ఉంది. 10,000 లక్స్ ఇచ్చే ఈ దీపాన్ని అక్కడ చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. నిద్ర లేచిన గంటలోపు, దాని ముందు 20 నుంచి 30 నిమిషాలు కూర్చోవాలి. దీపం వైపు తేరిపార చూడనక్కరలేదు. పక్కన పెట్టుకుని కాఫీ తాగుతూ, పేపరు చదువుతూ ఉంటే చాలు. ఎంత దూరంలో కూర్చోవాలో పెట్టె మీద రాసి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను ఆపేదే కొనాలి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో గుణం కనిపిస్తుంది. అయితే షుగరు వలన రెటీనా దెబ్బతిన్నవారు, కంటి జబ్బులున్నవారు, కాసేపు విపరీతమైన హుషారు, కాసేపు దిగులు వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడరాదు. కొన్ని మందులు వాడేవారికి చర్మం, కళ్లు వెలుతురును తట్టుకోలేవు. వారూ అడగాలి.

ఇక విటమిన్-డి. సియాటిల్‌లో శీతాకాలపు ఎండకు ఒంట్లో విటమిన్-డి దాదాపు తయారు కాదు. మన చామనఛాయ ఒంటికి ఎండ మరింత ఎక్కువ కావాలి. అందుచేత రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదు వేసుకోవడం మంచిది. పెద్దవారికి రోజుకు కావలసింది 600 యూనిట్లు. ఇక్కడి నుంచి వెళ్లేవారు 60,000 యూనిట్ల పొట్లాలు, గొట్టాలు సంచిలో వేసుకెళ్లి పిల్లలకు ఇవ్వడం మేము ఎరుగుదుం. లోటు ఉన్నవారికి వారానికొకటి చొప్పున కొన్నాళ్లు డాక్టరు రాసే మందది. బలానికని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం వస్తాయి, మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. ఇంకొక సంగతి. విటమిన్-డి వెలుతురు పెట్టెకు బదులు కాదు. పెట్టె పనిచేసేది కంటి ద్వారా.

మేము అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది పురిటికి వెళ్లే తల్లులకు, అత్తగార్లకు. మన వైపు బాలింతను తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఉంచుతాం, చెవుల్లో దూది పెడతాం, నెల దాకా గడప దాటనివ్వం. ఎండలు మండే ఊళ్లో, నలుగురు ఆడవాళ్లు వచ్చిపోయే ఇంట్లో ఆ పద్ధతి ఎలాగో గడిచిపోయింది. సియాటిల్‌లో డిసెంబరు నెలలో అదే చేస్తే చీకటికి చీకటి తోడవుతుంది. భర్త ఆఫీసులో, పలకరించే ఇరుగుపొరుగు లేదు, రాత్రి నిద్ర లేదు, పగలు వెలుతురు లేదు. కాన్పు తర్వాత వచ్చే దిగులు ఏ దేశంలోనైనా ఉన్నదే. దాన్ని ముదరబెట్టే పని మన చేతులతో మనం చేయవద్దు. పగటిపూట తెరలు తీయండి. బిడ్డను కిటికీ దగ్గర కూర్చుని పాలిమ్మనండి. ఒళ్లు కోలుకోగానే, డాక్టరు సరేనన్నాక, ఆమెకు స్వెట్టరు, వానకోటు తొడిగి రోజూ కాసేపు బయట నడిపించండి. బిడ్డను మీరు చూసుకోండి.

ఇక్కడ ఉండిపోయిన తల్లిదండ్రులకు కూడా ఒక పని ఉంది. శీతాకాలంలో సియాటిల్ మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వారికి ఉదయం ఎనిమిది. ఆ వేళకు ఫోను చేసి, "కోటు వేసుకుని బయటికి నడువు, మాట్లాడుకుందాం" అనండి. వీడియో వద్దు, మాట చాలు. అరగంట తల్లితో కబుర్లూ అవుతాయి, కంటికి ఉదయపు వెలుతురూ తగులుతుంది. "నీకేం తక్కువ", "మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా" అనే మాటలు మాత్రం కట్టిపెట్టండి. ఆ మాట రెండుసార్లు విన్న పిల్ల మూడోసారి తన బాధ చెప్పదు. "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. మాకు భయం కలిగించేది ఆ "బాగానే".

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, పనికి వెళ్లలేకపోతే, బిడ్డను చూసుకోలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపిస్తాయి గనుక ఆ పరీక్షలు చేయిస్తారు. మందులతో పాటు, ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే చికిత్స ఉంది. అది వెలుతురు పెట్టెతో సమానంగా పనిచేస్తుందని, దాన్ని నేర్చుకున్నవారిలో తర్వాతి శీతాకాలాల్లో దిగులు తిరగబెట్టడం తక్కువని అమెరికాలోనే జరిగిన పరిశోధనలో తేలింది. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఇక్కడ ఉన్న కుటుంబానికి సలహా కావాలంటే 2022లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

పిల్లలు ప్రయాణమైనప్పుడు ఆవకాయ, కందిపొడి, జ్వరం మాత్రలు మరవకుండా సర్దుతాం. ఆ ఊరికి వెళ్లేవారికి మంచి వానకోటు కూడా అంతే అవసరమని చెప్పండి. కిందటి ఏడు చలికాలంలో నీరసపడినవారు సెప్టెంబరులోనే డాక్టరును కలిసి సిద్ధపడాలి. ఫోనులో "తిన్నావా" అని మనం రోజూ అడుగుతూనే ఉన్నాం. అక్టోబరు నుంచి మార్చి దాకా దానితో పాటు "ఇవాళ బయటికి వెళ్లావా" అని కూడా అడగండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్