తడిసిన ధాన్యం, మునిగిన కారు

జుమా నమాజు ముగిసి మసీదు మెట్లు దిగుతుండగా ఈ మధ్య మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. "మౌల్వీ సాబ్! ఫలానా పాత కారుకు మూడున్నర లక్షలు చెబుతున్నారు. అంత పెట్టవచ్చా?" మేము మదరసాలో చదివి, బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. ఇంజను లోతుపాతులు మెకానిక్‌కు తెలిసినట్లు మాకు తెలియవు. అయితే ఈ ప్రశ్నలో సగం యంత్రానిది, మిగతా సగం నిజాయితీది. అందుకే ఈ నాలుగు మాటలు.

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ ఆ దారికి కొంత దూరంలో ఉన్నా బేరసారాలకు దగ్గరే. అటు నుంచీ ఇటు నుంచీ పాత బండ్లు మన ఊళ్ళకు వస్తూనే ఉంటాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు, మున్నేరు పొంగి ఖమ్మంలోని బస్తీలు మునిగాయి. కోదాడలో సైతం కార్లు వరదలో కొట్టుకుపోయాయి. నీళ్ళు తగ్గాయి, బురద ఎండిపోయింది. కాని ఆనాడు మునిగిన బండ్లన్నీ తుక్కులోకి పోలేదని మాకు మా మిత్రుని అనుభవం వల్ల తెలిసింది.

మా మిత్రుడొకాయన చిన్న ఉద్యోగి. కుమార్తె పెళ్ళికి దాచిన సొమ్ములోంచి మూడు లక్షల నలభై వేలు తీసి, 2025 వేసవిలో ఒక కారు కొన్నారు. "సింగిల్ ఓనర్, డాక్టరు గారు వాడిన బండి" అన్నారు. రంగు మెరిసిపోతోంది, లోపల అత్తరు గుబాళిస్తోంది. ఆయన మురిసిపోయి అప్పటికప్పుడే బయానా ఇచ్చేశారు. రెండు నెలలు తిరగకుండానే అద్దాలు దిగడం మానేశాయి, లైట్లు వాటంతటవే ఆరిపోసాగాయి. మెకానిక్ కార్పెట్ ఎత్తి చూస్తే, అడుగున ఎండిన ఒండ్రుమట్టి! అత్తరు ఎందుకు చల్లారో అప్పుడు గాని అర్థం కాలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా ఉంది. వాన తడిపిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనం చూసేలా ఆ తడిని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటన మిర్యాలగూడ వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. రైస్ మిల్లు గేటు ముందు తేమ చూడకుండా ధాన్యానికి ధర కట్టే వాళ్ళుండరు. మరి కొన్ని వేల రూపాయల వడ్లకు తేమ చూసే మనం, లక్షల కారును రంగు చూసి కొనడం ఏమి వివేకం?

కావున సోదరులారా, మీరూ రాశిలో చేయి పెట్టండి. కార్పెట్ ఎత్తించండి. సీట్ల కింది బోల్టులు, స్టెప్నీ ఉండే గుంట తుప్పు పట్టాయేమో చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగితే మునిగిన బండి అయితే నీటి చార కనబడవచ్చు. బండిని ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పి, చల్లని ఇంజను మీదనే స్టార్ట్ చేయించండి. నీలి పొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతున్నదని అర్థం. మీటరు ముప్పయి వేల కిలోమీటర్లు చూపుతుండగా పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే, ఆ మీటరును ఎవరో తిప్పారని అనుమానించాలి. అమ్మేవాని మెకానిక్ కాక, మీ మెకానిక్ వెంట ఉండాలి. అతనికిచ్చే కూలి వృథా ఖర్చు కాదు.

కాగితాలలోనూ తడి దాగి ఉంటుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే చెల్లుతుంది. 2010లో రిజిస్టరైన కారుకు 2025తో ఆ గడువు తీరింది. ఆ పైన ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, 5 ఏళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం 5,000 చేసింది. 2014 జూన్ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండిని కోదాడలో కొని ఇక్కడే ఉంచుకోవాలంటే ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడి జీవిత పన్ను కట్టాలి. ఫైనాన్స్ అప్పు తీరిందో లేదో ఆర్.సి.లో చూడాలి. ఇక అమ్మేవారు పేరు మార్పించకుండా వదిలేయరాదు. ఆర్.సి. మీద ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని, బండి చేతులు మారిందన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది.

ఇవన్నీ చూశాకనే ధర మాట. ఇన్సూరెన్స్ పాలసీలో ఐ.డి.వి. అని ఒక అంకె ఉంటుంది. కంపెనీ ప్రకటించిన ధరలోంచి తరుగు తీసి దాన్ని కడతారు. నాలుగేళ్ళు దాటి ఐదేళ్ళ లోపు బండికి ఆ తరుగు 50 శాతం. ఐదేళ్ళు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. అది బజారు ధర కాదు గాని, బేరానికి ఒక ఆనవాలు. అదే మోడల్, అదే సంవత్సరం బండ్లు మూడు నాలుగు చోట్ల ఏ ధర పలుకుతున్నాయో విచారించండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్, పన్ను, పేరు మార్పు, వీటిలో వెంటనే మీ మీద పడే ఖర్చు కాగితం మీద రాసి తీసివేయండి. మిగిలిందే ఆ బండి విలువ.

కొనేవారికీ ఒక మాట. లేని లోపం అంటగట్టి, అవసరంలో ఉన్నవాని మంచి బండిని చౌకగా లాక్కోవడం కూడా అన్యాయమే.

మళ్ళీ మా మిత్రుని సంగతి. ఆయన ఆ కారును మిర్యాలగూడలో అమ్మజూపుతూ, "నాకు ఎవరూ చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి?" అన్నారు. ఆ మాట మమ్మల్ని బాధించింది. తెలియని పాత లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉందని మన ఫిఖహ్ చెబుతుంది. దాన్నే ఖియారె ఐబ్ అంటారు. "ఆ హక్కు మీకుండె, అమ్మినవాడు తప్పించుకున్నాడు. ఇప్పుడు మీరూ అలాగే తప్పించుకుంటారా?" అని అడిగాము. ఆయన రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడవనాడు, బండి నీట మునిగిందని చెప్పే, ఒక మెకానిక్‌కు రెండు లక్షల అరవై వేలకు అమ్మారు.

ఎనభై వేల నష్టం ఆయనకు చిన్నది కాదు. ఆయన కుమార్తె పెళ్ళి కొంత వెనక్కి జరిగింది కూడా. కాని ఆ మెకానిక్ తాను ఏమి కొంటున్నాడో తెలిసి కొన్నాడు. ఒక మోసం ఎవరో ఒకరి చేతి దగ్గర ఆగాలి. అది మన చేతి దగ్గరే ఆగే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!