కవాటముల నేర్పును విద్యుత్ కారును

పెట్రోలు కారునకు కాలము తీఱినదనియు, ఇకమీద విద్యుత్ కారే లోకమున నిలుచుననియు కొందఱు చెప్పుచున్నారు. విద్యుత్ కారు నాలుగు నాళ్ల ముచ్చటయే యనియు, శతాబ్దమునకు పైగా పెరిగి పెద్దదైన ఇంజనును అది త్రోసివేయజాలదనియు మఱికొందఱు వాదించుచున్నారు. ఈ వాదము కొందఱికి ఉబుసుపోక మాట కావచ్చును గాని మన విద్యార్థులకు అట్టిది కాదు. వారిలో కొందఱి తండ్రులు మెకానిక్కు షెడ్లు నడుపుకొనుచు సంసారములను ఈదుచున్నారు. పదియవ తరగతి ముగిసిన పిమ్మట ఏ పని నేర్చుకొనవలెనని ఉపాధ్యాయుల నడుగు బాలురును కలరు. కావున పక్షపాతము విడిచి, రెండు యంత్రముల గుణదోషములను తెలిసికొని, ఆ పిమ్మటనే ఒక నిశ్చయమునకు వచ్చుట మేలని మా అభిప్రాయము.

ముందుగా ఇంజనును విచారింతము. 1876వ సంవత్సరమున జర్మనీ దేశీయుడగు నికొలౌస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపి చూపెను. అందు పిస్టను క్రిందికి దిగి గాలితో కూడిన ఇంధనమును పీల్చును. పైకి వచ్చి దానిని నొక్కును. నిప్పురవ్వ తగిలి అది మండగా బలముగా క్రిందికి నెట్టబడును. మరల పైకి వచ్చి పొగను వెలికి త్రోయును. పీల్చుటకును విడుచుటకును ద్వారములు కావలెను గదా! వాల్వులనెడి కవాటములు అవియే. సిలిండరునకు ఇవి ముక్కుపుటముల వంటివి. వీనిని తెఱచునది కామ్ షాఫ్టు, అనగా గ్రుడ్డు వాటపు మిట్టలు గల ఇరుసు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునెడల ప్రతి వాల్వును సెకనునకు 25 మాఱులు తెఱచుకొని మూసికొనవలెను.

ఇచటనే చిక్కు కలదు. మెల్లగా నడచువాని శ్వాసయు పఱుగెత్తువాని శ్వాసయు ఒక్క తీరున నుండవు. గాలికిని బరువు కలదు. ఇంజను వేగము హెచ్చినపుడు, పిస్టను అడుగు తాకి మరల పైకి లేచుచున్నను, గాలి తన ఊపుచేత ఇంకను లోనికి వచ్చుచునే యుండును. అప్పుడు వాల్వు కొంచెము ఆలస్యముగా మూసికొనిన లాభమే. మెల్లగా తిరుగునప్పుడో, ఆ ఆలస్యమే చేటు. వచ్చిన గాలి వచ్చిన త్రోవనే వెనుకకు పోవును. మిట్ట ఇనుముతో చేయబడినది గాన దాని ఆకారము మాఱదు. కనుక ఇంజనును చేయువారు చాలకాలము వేగమునకు కొంత, నిదానమునకు కొంత విడిచిపెట్టి, నడిమి త్రోవ త్రొక్కుచు వచ్చిరి.

ఈ కొఱత తీర్చుటకు గొప్ప బుద్ధి వెచ్చింపబడినది. 1980లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో సంస్థవారు వాల్వు తెఱచుకొను సమయమును మార్చు ఏర్పాటును తమ స్పైడర్ కారునందు ప్రవేశపెట్టిరి. 1989లో జపాను దేశపు హోండా వారు ఇంటెగ్రా కారులో చేసిన ఏర్పాటు మఱింత చిత్రమైనది. వీటెక్ అని దాని పేరు. ఒక్కొక్క వాల్వు జతకు రెండు మిట్టలకు మాఱుగా మూడు మిట్టలు. తక్కువ వేగమున ప్రక్క మిట్టలు రెండును పని చేయును. నడిమి పెద్ద మిట్ట ఊరక తిరుగుచుండును. వేగము నిమిషమునకు 5000 చుట్ల ప్రాంతమునకు రాగానే, నూనె ఒత్తిడిచేత ఒక చిన్న చీల జఱిగి, మూడు రాకరు ఆర్ములను ఒక్కటిగా బంధించును. అంతట పెద్ద మిట్టయే వాల్వులను లోతుగా, దీర్ఘముగా తెఱచును. 1.6 లీటర్ల చిన్న ఇంజనే 160 అశ్వశక్తుల బలమిచ్చెను. 2018లో మన దేశమున విడుదలైన యమహా ఆర్15 మోటారు సైకిలులోను రెండు కాముల ఏర్పాటు కలదు. అది 7400 చుట్ల వద్ద మాఱును.

పిదప 2001లో జర్మనీలోని బీఎండబ్ల్యూ వారు మఱియొక మెట్టెక్కిరి. పెట్రోలు ఇంజనుకు గాలిని ఒక రెక్కతో అడ్డగించి వేగము తగ్గించుట వాడుక. బిగించిన సందు గుండ గాలిని పీల్చుటకే ఇంజను కొంత శక్తిని వృథా చేయును. వాల్వు ఎంత ఎత్తు లేవవలెనో దానినే మార్చి, ఆ రెక్కతో చాలవఱకు పని లేకుండ వారు చేసిరి.

ఈ పనివారి ప్రజ్ఞను మేము మనసార కొనియాడుచున్నాము. అయినను ఒక మాట నిష్పక్షముగా చెప్పవలెను. ఈ నేర్పంతయు ఇంజనునకు సహజముగానున్న ఒక బలహీనతను సవరించుటకే వినియోగమైనది. ఇంత సవరించినను, టొయోటా వారు 2018 ప్రాంతమున వెలువరించిన మేలైన ఇంజను సైతము పెట్రోలులోని శక్తిలో నూటికి 40 పాళ్లు మాత్రమే పనిగా మార్చగలిగెను. అదియును అనుకూలమైన వేగమునందే. మిగిలినది వేడియై గాలిలో కలియును.

విద్యుత్ మోటారునకు ఈ బలహీనతయే లేదు. అది గాలి పీల్చదు, పొగ విడువదు. దానికి వాల్వు లేదు. కదలక నిలిచియున్న క్షణముననే అది నిండు బలముతో చక్రమును త్రిప్పగలదు. తనకు వచ్చిన విద్యుత్తులో నూటికి 90 పాళ్లకు పైగా పనిగా మార్చును. బ్రేకు వేసినప్పుడు తానే డైనమోయై, కొంత శక్తిని బ్యాటరీకి మరల చేర్చును. ఇది నిన్నమొన్నటి వింత కాదు. 1899లో కామీ జెనాట్సీ అను బెల్జియము దేశీయుడు ఫ్రాన్సులో గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటినది విద్యుత్ కారు మీదనే. రోడ్డు బండిలో ఆ వేగమును దాటిన మొదటివాడతడు.

మఱి ఇంత గుణము గల బండి ఆ కాలముననే ఏల ఓడిపోయినది? మోటారులో లోపము లేదు. లోపము బ్యాటరీలో నుండెను. నేటికిని అది పూర్తిగా తీఱలేదు. ఒక కిలో పెట్రోలునందు సుమారు 12 యూనిట్ల శక్తి కలదు. ఒక కిలో బ్యాటరీలో యూనిట్టున అయిదవవంతు పట్టుటయే గొప్ప. ఇంజను పెట్రోలులో ముప్పాతిక భాగము పాడుచేసినను, చక్రమునకు చేరునది బ్యాటరీ ఇచ్చుదానికి పదిహేను రెట్లుండును. పెట్రోలు పోయుటకు అయిదు నిమిషములు చాలును. బ్యాటరీ నిండుటకు ఇంటి ప్లగ్గు వద్ద రాత్రియంతయు కావలసియుండును.

పొగ మాటయు చెప్పవలెను. విద్యుత్ కారునకు పొగగొట్టము లేదు గాని విద్యుత్కేంద్రమునకు కలదు. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గు వలననే పుట్టుచున్నది. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున మండునదియు బొగ్గే. అయినను ఇందు ఒక భేదము కలదు. రేపు ఆ విద్యుత్తు సూర్యరశ్మి వలనను గాలి వలనను పుట్టిన, నేటి విద్యుత్ కారే ఏ మార్పును లేకుండ శుభ్రమగును. పెట్రోలు కారు ఎంత పాతబడినను పెట్రోలునే కోరును. ఆ ముడి చమురులో నూటికి 85 పాళ్లకు మించి మనము పరదేశములనుండి కొనుచున్నాము.

ఈ కారణములచేత మా తీర్పు ఇది. ఊరిలో తిరుగు స్కూటరునకును, ఆటోకును, సిటీ బస్సునకును విద్యుత్తే తగినది. అవి దినమునకు ఎంత దూరము పోవునో ముందే తెలియును; రాత్రి ఒక్కచోట నిలుచును. దూరప్రయాణమునకును, చార్జింగు లేని పల్లెలకును ఇంజను ఇంకను కొంతకాలము అవసరమే. హోండా వారే 2040 నాటికి పెట్రోలు కార్లను పూర్తిగా మానుదుమని 2021లో చెప్పి, 2025లో విద్యుత్ కార్ల పెట్టుబడిని తగ్గించి హైబ్రిడ్ కార్ల వైపు మొగ్గిరి. 1997లో వచ్చిన టొయోటా ప్రియస్ అట్టి కారే. అందు ఆలస్యముగా మూసికొను వాల్వు గల ఇంజనును, విద్యుత్ మోటారును ఒక్క కాడికి పూన్చిరి. నిదానమున ఇంజనుకు గల కొఱతను మోటారు తీర్చును. పగవారని మనము తలచిన రెండును అచ్చట జోడెద్దులై నడచుచున్నవి.

ఇక మన పిల్లల మాట. షెడ్డు పని చెడిపోవునని భయపడు తండ్రులకు మేము చెప్పునది యొకటి కలదు. బోల్టు బిగించుట మాత్రమే నేర్చినవానికి భయము తగినదే. వాల్వు ఏల ముందుగా తెఱచుకొనవలెనో, ఏల ఆలస్యముగా మూసికొనవలెనో తెలిసినవానికి భయము లేదు. విద్యుత్ కారులోను సమయమును నడుపు పనియే కలదు. బ్యాటరీ విద్యుత్తును సెకనునకు వేలమాఱులు తెంపి కలుపుచు, మోటారు వేగమునకు తగినట్లు పంపు పరికరమును ఇన్వర్టరు అందురు. కామ్ షాఫ్టు ఇనుముతో చేసిన పనిని ఇది విద్యుత్ మీటలతో చేయుచున్నది. ఒకదాని కారణము నెఱిగినవాడు రెండవదానిని నేర్చుకొనగలడు. కాని ఊహతో నేర్చుకొనరాదు. కారు బ్యాటరీలో తఱచుగా 300 వోల్టులకు పైబడిన ఒత్తిడి యుండును. తెలియని చేయి తాకిన ప్రాణమునకే మోసము.

కావున కోసి తెఱచిన ఇంజను ఒకటియు, విప్పి కూర్చదగిన మోటారు ఒకటియు ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఒకే బల్లపై నుండవలెనని మేము కోరుచున్నాము. షెడ్డు నడుపు తండ్రులు తమ పనిముట్లను పిల్లలకు చూపుటకు సిగ్గుపడకుందురు గాక. బాలబాలికలారా! ఏ యంత్రము గెలుచునని పందెము వేయకుడు. అది ఏల అట్లు నడచుచున్నదని అడుగుడు. ఆ ప్రశ్న మఱువనివారికి ఏ కాలమునను పని కఱవు కాదు.