అచ్చుతప్పుకూ ఒక చిరునామా

మస్కట్ చరిత్రలో ఒక శతాబ్దాన్ని తపాలా బిళ్ళల మీద చదువుకోవచ్చు. 1864లో అక్కడ తపాలా కార్యాలయాన్ని తెరిచింది భారత తపాలా శాఖ. 1944లో అల్ బూసయీద్ వంశపాలనకు రెండు వందల ఏళ్ళు నిండినప్పుడు, ఆరవ జార్జి బొమ్మ ఉన్న భారతీయ బిళ్ళల మీదే వంశం పేరునూ హిజ్రీ 1363 అన్న సంవత్సరాన్నీ అరబ్బీలో అచ్చువేశారు. 1948 నుంచి 1966 దాకా బ్రిటన్ బిళ్ళల మీద అణాల, రూపాయల విలువలు ముద్రించి వాడారు. 1971లో 'మస్కట్ అండ్ ఒమన్' అన్న పేరును కప్పేసి 'సుల్తానేట్ ఆఫ్ ఒమన్' అని ముద్రించారు. ఏలినవారు మారినా, రాజ్యం పేరు మారినా, ఆ మార్పు మొదట పైముద్రగా కనిపించింది.

ఒకసారి అచ్చయిన కాగితం మళ్ళీ యంత్రం కిందికి వెళితే పొరపాటుకు కొత్తగా చోటు దొరుకుతుంది. అక్షరం విరుగుతుంది, సిరా పలచబడుతుంది, ముద్ర పక్కకు జరుగుతుంది. సేకర్తలు వీటిని ఒకే గాటన కట్టరు. అచ్చుపలకలోనే ఉన్న లోపం ప్రతి తావులోనూ అదే స్థానంలో కనిపిస్తుంది, అది పుట్టుమచ్చ. మడతపడ్డ కాగితం, చిందిన సిరా ఆ ఒక్క తావుకు తగిలిన గాయాలు. తెలిసి చేసిన మార్పు మూడవది, అది పాఠాంతరం.

1854లో కలకత్తాలో ముద్రించిన నాలుగణాల బిళ్ళకు ఎర్రచట్రం ఒకసారి, నీలిరంగులో రాణి తల ఒకసారి అచ్చువేయవలసి వచ్చింది. కొన్నింటిలో తల తలకిందులయింది. అమెరికాలో 1909లో మొదలైన సిగరెట్ పెట్టెల బేస్‌బాల్ కార్డుల వరుసలో షెర్రీ మగీ అన్న ఆటగాడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుపడింది, తరువాత దిద్దారు. నేడు దిద్దిన కార్డు కన్నా తప్పు కార్డుకే వెల ఎక్కువ. అరుదైనది కనుక అంటుంది అంగడి. అది సగం మాటే. దిద్దిన కార్డు ఆటగాడి పేరు చెబుతుంది. తప్పు కార్డు మరో సంగతి కూడా చెబుతుంది: ముద్రణ మధ్యలో ఎవరో గమనించారు, యంత్రం ఆపారు, సరిచేశారు.

తెలుగు పుస్తకాల విషయంలో మనకు ఈ శ్రద్ధ లేదు. పునర్ముద్రణలో అరసున్నలు రాలిపోతాయి, బండి ఱ మామూలు ర అవుతుంది, అచ్చుతప్పుతో పాటు రచయిత కావాలని వాడిన మాండలికరూపమూ దిద్దుబాటుకు గురవుతుంది. తప్పొప్పుల పట్టిక అనవసరమని తొలగిపోతుంది. ఏ ముద్రణను అనుసరించారో చెప్పే వాక్యం చాలా పుస్తకాల్లో కనబడదు.

గురజాడ 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి, సమూలంగా మారి 1909లో మరోసారి వెలువడింది. లోకానికి తెలిసినది రెండవదే. బంగోరె పట్టుబట్టి మొదటి కూర్పును వెలికితీసి ప్రచురించకపోతే, ఆ రెండింటి మధ్య గురజాడ నడిచిన దూరం ఎందరికి తెలిసేది?

సామాన్య పాఠకుణ్ణి పాఠభేదాలతో ఎందుకు వేధించాలన్న ప్రశ్న న్యాయమైనదే. అతనికి శుభ్రమైన ప్రతి ఇవ్వవలసిందే. కాని శుభ్రం చేశామని చెప్పడానికి ఒక పుట చాలు: ఏ సంవత్సరపు ముద్రణ, ఏమేమి దిద్దారు, ఎవరు దిద్దారు. చెప్పకుండా దిద్దినది సంస్కరణ కాదు, చెరిపివేత. పైముద్ర కింద పాత పేరును ఇంకా పోల్చుకోవచ్చు; చెప్పకుండా దిద్దిన పుటలో ఆ వీలు కూడా ఉండదు.

తొలి ముద్రణల కాగితం పెళుసెక్కి పొడి అవుతోంది. పోల్చి చూడటానికి మూలప్రతి మిగిలి ఉన్నప్పుడే ఆ పుట రాయాలి. ఒక కార్డులో ఒక్క అక్షరం తేడాకు లెక్క రాసి పెట్టుకున్న లోకంలో, మన రచయితల అక్షరాలకు ఆపాటి లెక్క అడగడం అత్యాశ కాదు.