బొమ్మల పుస్తకము - ప్రశ్నలకు పుట్టిల్లు

విజ్ఞానశాస్త్రము, గణితము అనగానే మనకు స్ఫురించునవి ప్రయోగశాలయు, నల్లబల్లయు. కాని అయిదారేండ్ల పసిబిడ్డకు వీనికంటె ముందు కావలసినది మంచి బొమ్మల పుస్తకమని మా అభిప్రాయము.

ఈ మాట మన సీమకు మరింత వర్తించును. 1936లో గంజాము జిల్లాలో అధికభాగము మద్రాసు రాజధానినుండి ఒరిస్సాలో చేరినది మొదలు, ఇచ్చటి తెలుగు బిడ్డకు ఇంట ఒక భాష, వీధిని మరియొక భాష. అక్షరములు కూడబలుకుకొనుటలోనే వాని ఉత్సాహమంతయు ఉడిగిపోవుచున్నది. బొమ్మకు లిపి లేదు. చూచిన బిడ్డ తనకు వచ్చిన మాటలతో వెంటనే ప్రశ్నింపగలడు.

ఒక్క ఉదాహరణము చాలును. ఋషికుల్యానది సముద్రమున కలియుచోట, అనుకూలించిన సంవత్సరములందు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగ ఒడ్డునకు వచ్చి గుడ్లు పెట్టుట మనమెరిగినదే. ఆ దృశ్యమును చిత్రించి పిల్లల ముందుంచుడు. తాబేలు త్రవ్వు గొయ్యి ఇంచుమించు మూరెడు లోతు. అందు సుమారు 100 గుడ్లు. "నూరనగా ఎన్ని?" అని ఒకడడుగును. చింతగింజలను పదేసి చొప్పున పది కుప్పలు పోయింపుడు. "మూరెడనగా ఎంత?" అని ఒక బాలిక అడుగును. తన చేతితో ఒకమారు, ఉపాధ్యాయుని చేతితో ఒకమారు కొలిచినచో రెండును సరిపోవు. అందరికిని ఒకే కొలబద్ద ఏల కావలెనో ఆమెకు అప్పుడు బోధపడును. "తల్లి పొదుగదు గదా, పిల్లలెట్లు పుట్టును?" అని వేరొకడడుగును. ఇసుక వేడిమియే 45 మొదలు 60 దినములలో గుడ్లను పొదుగునని విన్నప్పుడు వాని కన్నులు విప్పారకుండునా?

బొమ్మలు చూచుట ఆటయే గాని చదువు గాదని కొందరు పెద్దలందురు. చూచి మూసివేసినచో వారి మాట నిజమే. పుస్తకము చూచిన పిదప బిడ్డ లెక్కించవలెను, కొలువవలెను, బయటికేగి పరికింపవలెను. ఉపాధ్యాయుడు జవాబు చెప్పుటకు తొందరపడరాదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు, నాడు గంజాము జిల్లాలోనిదైన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ ఉండి, సవర బిడ్డలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాష నేర్చి పుస్తకములు వ్రాసిరి. బిడ్డ ఎరిగినదానినుండియే చదువు మొదలు కావలెనను ఆ తలంపు మనకు పరాయిది కాదు.

కావున సోదర విద్యార్థులారా! పుస్తకములు లేవని చింతించుచు కూర్చుండనేల? ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్ అను అంతర్జాల గ్రంథాలయమున తెలుగు, ఒడియా బొమ్మల పుస్తకములు ఉచితముగ లభించుచున్నవి. అంతకంటె మేలైనది మనమే పూనుకొనుట. పై తరగతులవారు ఒక్కొక్కరు ఎనిమిది పుటల బొమ్మల పుస్తకమొకటి తయారుచేసి, బొమ్మ క్రింద తెలుగు మాట వ్రాసి, సమీపమున నున్న ప్రాథమిక పాఠశాలకు కానుకగ నీయుదురుగాక. బరంపురపు పట్టుచీర అంచునందలి కోణముల వరుసయు, చిలికా సరస్సునకు శీతకాలమున వచ్చు పక్షులును అందులకు తగిన వస్తువులే.

"ఏల?" యను తొలి ప్రశ్నను తల్లిభాషలో అడిగిన బిడ్డ, ఆ భాషను అంత సులభముగ విడువడని మా నమ్మకము.