మెదకు పాదయాత్ర: కూలివానిని ఇంట విడిచి పోవుదుమా?

నాందేడునుండి మెదకు మహాదేవాలయమునకు కాలినడకను పోయి, క్రిస్మసునాటికి అచ్చటికి చేరవలెనను తలంపు మన క్రైస్తవ కుటుంబములలో బలపడుచున్నది. ఈ తలంపును మేము మనసార ఆమోదించుచున్నాము. కాని యాత్రను నడుపుటకై వినబడుచున్న సూచనలలో రెండింటిని మే మెంతమాత్రమును ఒప్పుకొనజాలము. దినమునకు 30 కిలోమీటర్లు నడచి, ఏడెనిమిది దినములలో ముగింపవలెననునది మొదటిది. ఎవరి ఖర్చు వారే పెట్టుకొనవలెననునది రెండవది.

ఈ రెండు నియమములను పాటించినచో దారిపట్టువా రెవరు? సెలవు దొరకు ఉద్యోగులును, కాలిబలముగల పడుచువాండ్రును మాత్రమే. దినకూలిపై బ్రదుకువారును, వృద్ధులును, పిల్లల తల్లులును గడపకడ నిలిచి సాగనంపవలసినదే. దానిని విహారమనుడు, పందెమనుడు, తీర్థయాత్ర యనవలదు.

మనము పోదలచిన ఆలయ మెట్టిదో యొకపరి తలచికొందము. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమును కట్టించినవాడు ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర. కఱవున అల్లాడుచున్న జనమునకు ఊరక గంజి పోయుటకన్న, పని కల్పించి కూలి యిచ్చుట వారి గౌరవమునకు తగినదని ఆయన యెంచెను. 175 అడుగుల ఎత్తున నిలిచిన ఆ గోపురమునకు రాళ్లు మోసినవారు ఆకలిగొన్న పల్లెప్రజలు. కూలివాండ్ర చెమటతో లేచిన కోవెలకు, కూలివానిని ఇంట విడిచి మనము పోవుదుమా? పోయి ఏ మొగముతో లోన నడుగిడుదుము?

“2022 లో మెదకు పట్టణమునకే రైలు వచ్చినదిగదా, నడక యేల?” అని అడుగువారును గలరు. వారు రైలులోనే రావచ్చును. వారితో మాకు జగడము లేదు. ఐనను నడకకు ప్రత్యేకమైన ఫల మొకటి గలదు. 1956 నవంబరు 1వ తేదీ వఱకు నాందేడును మెదకును ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. నేడు మన పిల్లలకు ఆ సరిహద్దు పటముమీది గీత మాత్రమే. ముద్ఖేడు, ఉమ్రి, ధర్మాబాదుల మీదుగా పోయి, బాసరకడ గోదావరి దాటి, నిజామాబాదు, కామారెడ్డి త్రోవను నడచినచో, తమ యింటిమాట ఎన్ని యూళ్లలో వినబడునో వారు స్వయముగా తెలిసికొందురు. రైలుకిటికీలోనుండి అది వినబడదు.

ఈ త్రోవ రమారమి 200 కిలోమీటర్లకు పైబడినది. దినమునకు 18 కిలోమీటర్లవంతున నడచి, రెండు ఆదివారములు విశ్రమించినచో, రెండు వారములు పట్టును. డిసెంబరు 10వ తేదీ ప్రాంతమున బయలుదేరిన చాలును. ఇంత నెమ్మదియా యని నవ్వువారు మన పొరుగువారైన వారకరీలను చూతురు గాక. ఆళందినుండి పండరిపురమునకు దాదాపు 250 కిలోమీటర్లు వృద్ధులు, స్త్రీలు కూడ నడచుచున్నారు. వారిని నడపించునది తొందర కాదు. ముందే నిశ్చయింపబడిన మకాములును, దిండీల కట్టుబాటును, మునుముందుగా పోయి పొయ్యి రాజవేయు వంటవారును వారిని నడపించుచున్నారు. దూరదేశమైన స్పెయినులో సాంతియాగో యాత్ర చేసి పత్రము పొందుటకు 100 కిలోమీటర్లు నడచుట చాలును. ఎన్ని దినములలో నడచితి రని అచ్చట నెవరును అడుగరు.

కనుక మా సూచన లివి. అందఱికన్న మెల్లగా నడచువారు ముందు వరుసలో నడువవలెను. తక్కినవారు వారిని దాటరాదు. అక్టోబరునుండియే ప్రతి ఆదివారము సాయంకాలము నడక అలవాటు చేసికొనవలెను. క్రొత్త చెప్పులతో ఎవరును బయలుదేరరాదు. ఒక్క బొబ్బ చాలును, యాత్ర చెడుటకు. చెఱకు బండ్లు, ట్రాక్టర్లు తిరుగు దినములు గనుక చీకటి పడకమున్నే మకాము చేరవలెను. మన త్రోవ చాలవఱకు రైలుమార్గము వెంబడినే యుండుటచేత, జబ్బుపడినవారిని దగ్గఱి స్టేషనునుండి ఇంటికి పంపవచ్చును. రెండువారముల సెలవు దొరకనివారు అక్కన్నపేటకడ కలిసికొని, చివరి మజిలీ మాత్రము నడువవచ్చును. వారిని తక్కువవారినిగా చూడరాదు.

ఇక ఖర్చుమాట. మన తల్లులు వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి దేవుని పేర వేఱుగా ఉంచు ఆచారము తెలుగు క్రైస్తవులకు క్రొత్తది కాదు. ఆగస్టునుండి ప్రతి యింటను ఆ పిడికెడు తీసినచో త్రోవలోని భోజనమునకు కొఱత యుండదు. అంతటితో చాలదు. కూలివాడు రెండువారములు నడచినచో అతని యింట పొయ్యి వెలుగుటెట్లు? ఆ దినములకు కావలసిన బియ్యము, పప్పు ఆ యింటికి ముందుగా చేరవలెను. జెండాలకును, మైకుబండికిని ఖర్చు చేయదలచిన సొమ్మును ఇందుకు వినియోగించిన చాలును. ఇది దానము కాదు. కలిసి నడచువారు తమలో తాము తీర్చుకొను ఋణము.

ఈ యేర్పాటులకు ఒప్పుకొనినచో యాత్రను ఘనముగా జరుపుదము. కూలి కుటుంబములు రాలేని యాత్రయే కావలెనందురా, అందఱమును ఇంటనే యుండి ప్రార్థన చేసికొందము. దేవుని యెదుట ఆ ప్రార్థనకే విలువ యెక్కువ.