మన ఆరోగ్యం: గొడవ వెనుక మాట
కిందటి సంచికలో రక్తపోటు గురించి వ్రాశాము. ఈసారి మన ఇళ్ళలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం, ఆటిజం.

స్కూలు నుంచి చీటీ వస్తుంది, మీవాడు పక్క పిల్లవాణ్ణి తోశాడని. వాడికి చీవాట్లు, తల్లికి సూటిపోటి మాటలు. 1943లో లియో కానర్ ఈ స్థితిని వర్ణించిన తరువాత చాలా ఏళ్ళు వైద్యులు కూడా తల్లినే తప్పుపట్టారు. అది నిజం కాదని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ పుస్తకం వ్రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. మన పెద్దవాళ్ళలో కొందరికి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

తోయడం, అరవడం, బల్ల కింద దూరడం చాలాసార్లు మాట చాలని పిల్లవాడు చెప్పే మాటలే. అందుకని గొడవకు ముందు ఏం జరిగింది, తరువాత వాడికి ఏం దొరికింది అన్నది ఒక నోటుబుక్కులో రెండు వారాలు వ్రాయండి. రోజూ లంచి వేళకే గొడవ అవుతోందనుకోండి. ఆ హాలులో 300 మంది పిల్లల కేకలు. తోస్తే టీచరు బయటికి పంపుతుంది. బయట నిశ్శబ్దం. శిక్ష అనుకున్నది వాడికి బహుమానమైంది! దానికి బదులు 'బయటికి' అనే బొమ్మకార్డు ఇచ్చి, చూపించగానే పంపితే, తోయవలసిన అవసరం తగ్గుతుంది. మొదట్లో ప్రతిసారీ పంపాలి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇలాంటి పరిశీలన చేయమని స్కూలువారిని అడగవచ్చు. పిల్లవాడి చదువు ప్రణాళిక వ్రాసే ఐ.ఇ.పి. మీటింగులో పాల్గొనే హక్కు అమెరికాలో తల్లిదండ్రులకు 1975 చట్టంతో వచ్చింది. 1990లో ఆటిజం పేరు అందులో చేరింది. మనవాళ్ళు గురుభక్తితో తలూపి సంతకం పెట్టి వచ్చేస్తారు. వ్రాతపూర్వకంగా అడగండి. కాగితం ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం.

ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారున్నారు. రెండు భాషల వల్ల ఈ పిల్లలకు మాట మరింత వెనకబడుతుందనడానికి ఆధారం లేదు. తెలుగు తీసేస్తే వాడితో మాట్లాడే అమ్మమ్మ ఒకరు తగ్గుతారు, అంతే.

ఈ పిల్లల్ని మన ఉగాదికి తీసుకురావడం మానేసిన కుటుంబాలు మాకు తెలుసు. కార్యవర్గంతో మాట్లాడాము. ఈ ఏడు మైకు వినబడని పక్కగది ఒకటి ఖాళీగా ఉంచుతారు. కార్యక్రమ వరుస ముందే తెప్పించుకుని, పాటలు, భోజనం, తరువాత ఇల్లు అని బొమ్మలు వేసి పిల్లవాడికి చూపించి తీసుకురండి. మిగతావారికి ఒక మనవి: "నమస్తే చెప్పు, చెప్పు" అంటూ వాడి గడ్డం పట్టుకోవద్దు.